కర్చీఫుగారు కూర్చున్నారు

మా వీధిలో మోటారు సైకిలు ఆపకూడదని ఎవరూ అనలేదు. ఆపితే రుసుము కట్టాలన్నారు, అంతే. ఆ ముక్క కూడా ఎంతో మర్యాదగా, గ్రాంథికంలో అచ్చువేయించి, కరెంటు స్తంభానికి ఒకటి చొప్పున అతికించారు. చదివినవాళ్లకు అర్థం కాలేదంటే అది వాళ్ల తప్పు కాదు. రాసినవాళ్లకు అర్థమైందని నాకైతే నమ్మకం లేదు.

నాది గంటస్తంభం వీధిలో తువ్వాళ్లు, బనీన్లు, లుంగీలు అమ్మే కొట్టు. తువ్వాలు కొనడానికి కారు తీసే జనం మా ఊళ్లో లేరు. బండి మీద వస్తారు, కొట్టు ముందు ఆపుతారు, ఒక కాలు నేల మీద పెట్టి బేరం ఆడతారు, కుదిరితే లోపలికి వస్తారు. మా తాత రోజుల నుంచీ ఆ ఒంటికాలి బేరం మీదే మా ఇల్లు నడుస్తోంది. సైకిలు పోయి మోటారు సైకిలు వచ్చింది గాని, కాలు అదే.

స్తంభం మీద కాగితంలో అసలు మాట ఇదీ: "వాహనముపై వ్యక్తి ఎవరును ఆసీనులై లేని స్థితిని నిలుపుదలగాను, వ్యక్తి ఆసీనులై ఉన్న స్థితిని విరామముగాను పరిగణించవలెను. నిలుపుదలకు రుసుము వర్తించును. విరామమునకు వర్తించదు."

మొదట జనం బెదిరిపోయి బజారుకే రావటం మానేశారు. నేను గల్లాపెట్టె ముందు కూర్చుని ఈగలు తోలుకున్నాను. తర్వాత మెల్లగా కిటుకు పట్టేశారు. మొగుడు కొట్లోకి వస్తే పెళ్లాం ఎండలో బండి మీద కూర్చునేది. ఇంట్లో దేనికీ పిలవని మామగార్లను అల్లుళ్లు మర్యాదగా బజారుకు వెంటబెట్టుకొచ్చారు. ఒక పెద్దాయన పొద్దున్నుంచి నా కొట్టు ముందు బండి మీదే కూర్చుని, అల్లుడు సినిమాకి పోయాడన్న సంగతి పొద్దుగూకాక తెలుసుకున్నాడు. ఆయనకి మంచినీళ్లు నేనే ఇచ్చాను.

చిక్కంతా ప్లీడరు నీలకంఠంగారికి వచ్చింది. ఆయనకి బండి మీద కూర్చోబెట్టడానికి మనిషి లేడు. భార్య పుట్టింట్లో ఉంది, మామగారు కోర్టులో ఉన్నాడు, అదీ ఈయన మీదే. ఒకరోజు ఆయన బండి ఆపి, జేబులోంచి కర్చీఫు తీసి, నాలుగు మడతలు పెట్టి సీటు మీద పరిచి, దర్జాగా నా కొట్లోకి నడిచొచ్చాడు. వెనకే రుసుము వసూలుదారు పరిగెత్తుకొచ్చాడు.

"ప్లీడరు గారూ, బండి ఖాళీగా వదిలేశారండి."

"ఖాళీ ఎక్కడుందయ్యా? సీట్లో కర్చీఫు కనపట్టంలేదా?"

"కర్చీఫే కదండీ."

"నువ్వెప్పుడన్నా బస్సెక్కావా?"

"ఎక్కకపోతే ఎలాగండీ."

"కిటికీలోంచి ఎవరో కర్చీఫు వేసేశారు. ఆ సీట్లో నువ్వు కూర్చుంటావా?"

వసూలుదారు నొచ్చుకున్నాడు. "అదేం మాటండీ, మనిషున్న సీట్లో ఎలా కూర్చుంటానండీ?"

"మరి అదే నేనూ చెప్తున్నా" అని ప్లీడరుగారు బనీను సైజు అడిగాడు. వసూలుదారు కాసేపు తల గోక్కుని, చీటీల పుస్తకం జేబులో పెట్టుకుని, సీటు మీది కర్చీఫుకి కొంచెం దూరంగా జరిగి నడుచుకుంటూ పోయాడు.

సంగతి పైకి పోయింది. పైన అంటే నగరపాలక సంస్థలో స్థిర వాహనముల విభాగం డిప్యూటీ కమిషనర్ వైకుంఠమూర్తిగారు. ఆయన మాట్లాడితే సగం మాటలు చివర్లో 'ము' తోనే ఉంటాయి. ఇంట్లో చట్నీ కావాలన్నా అలాగే అడుగుతారని వినికిడి. విచారణకి సాక్షిగా నన్నూ పిలిచారు.

"సదరు వస్త్రమును వ్యక్తిగా పరిగణించుటకు ప్రాతిపదిక ఏమి?" అని అడిగారు.

నీలకంఠంగారు బస్సు సంగతి మళ్లీ చెప్పాడు. వైకుంఠమూర్తిగారు కళ్లజోడు తీశారు. ఆయన కుటుంబం వేరే ఊళ్లో ఉంటుంది. ప్రతి శనివారం బస్టాండులో జనాన్ని తోసుకుంటూ కిటికీలోంచి కర్చీఫు వేసి, తాపీగా టీ తాగి ఎక్కే మనిషి. కర్చీఫు మనిషి కాదని ఇవాళ ఆయన సంతకం పెడితే, వచ్చే శనివారం ఆయన ఊరిదాకా నిలబడి పోవాలి. చాలాసేపు ఆలోచించారు. ఆయన మనసులో నలిగిన ధర్మసంకటం నాకు కనపడుతూనే ఉంది. మర్నాడు ఉత్తర్వు వచ్చింది:

"ఈ ప్రాంతపు ప్రయాణికుల ఆచారమున కర్చీఫు వ్యక్తికి గుర్తు మాత్రమే కాక, తానే వ్యక్తిగా గౌరవింపబడుచున్నది. నిండు చూలాండ్రును, వయోవృద్ధులును నిలబడి ప్రయాణించిరే గాని, కర్చీఫును లేపిన దాఖలా లేదు. కావున కర్చీఫు ఆసీనమై ఉన్న వాహనము విరామములో ఉన్నట్లే."

ఆ ఉత్తర్వు చదివి నేను దండం పెట్టుకున్నాను. వారం తిరక్కుండా నా కొట్లో తువ్వాళ్లు అటకెక్కాయి, కర్చీఫులు కిందికి దిగాయి. వీధి పొడుగునా బండ్లు, బండి బండికీ కర్చీఫు. రుసుము లేదు కాబట్టి తీసేవాడూ లేడు. రైలెక్కి ఊరికి పోయేవాళ్లు కూడా మా వీధిలో బండి పెట్టి, కర్చీఫు కూర్చోబెట్టి, నిశ్చింతగా పోయేవారు. నడిచే దారి లేకపోయినా నేను పట్టించుకోలేదు. వచ్చినవాడు ఎలాగో అలా దూరి వచ్చి కర్చీఫు కొంటున్నాడు కదా.

నగరపాలక సంస్థ వాళ్లు చేసిన తప్పు తెలుసుకుని ఉత్తర్వు వెనక్కి తీసుకుంటారని మీరు అనుకుంటారు. మీకు ప్రభుత్వం సంగతి తెలియదు. వెనక్కి తీసుకుంటే తప్పు చేసినట్టవుతుంది. ముందుకు పోతే అది విధానం అవుతుంది. వైకుంఠమూర్తిగారు ముందుకే పోయారు. వ్యక్తి అన్నాక హక్కులే కాదు, బాధ్యతలు కూడా ఉంటాయన్నారు.

దాంతో ముందు కర్చీఫులకి హెల్మెట్ తప్పనిసరి చేశారు. సీటు మీద కర్చీఫు, దాని మీద హెల్మెట్. ఒక బండి మీద రెండు కర్చీఫులుంటే ఫరవాలేదు, మూడుంటే ట్రిపుల్ రైడింగ్. చిన్న సైజు కర్చీఫులు మైనర్లు, వాటిని బండి మీద కూర్చోబెడితే తండ్రి మీద కేసు. చెమటకి తడిసిన కర్చీఫుని కానిస్టేబుల్ పక్కకి తీసుకుపోయి వాసన చూసేవాడు. ఇదంతా జనం ఎంత బుద్ధిగా పాటించారంటే, హెల్మెట్ లేకుండా తను బండి నడిపేవాడు కూడా దిగగానే కర్చీఫుకి మాత్రం పెట్టేవాడు.

ఇదంతా నాకు నవ్వులాటగానే ఉండేది, దావీదు వచ్చేదాకా.

దావీదు పెళ్లిబ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. మూఢం నెలల్లో పని ఉండదు. ఊదే మనిషికి నెలల తరబడి ఊదటం లేకపోతే ఊపిరి పట్టేసినట్టుంటుందని ఒకసారి నాతో అన్నాడు. మూఢం పోయాక మొదటి పెళ్లి ఆ రోజు సాయంత్రమే. బండి వెనక క్లారినెట్ పెట్టె తాడుతో బిగించుకుని, నా కొట్టు ముందు ఆపి, గళ్ల కర్చీఫు పరిచి, దానికి హెల్మెట్ పెట్టి లోపలికొచ్చాడు.

"సావుకారు గారూ, తెల్ల తువ్వాలొకటి ఇప్పించండి. మా బ్యాండు నడిపే మార్కు మాస్టారు అందరూ ఒకేలా భుజానేసుకు రమ్మన్నారండి."

"అంత గట్టి మనిషా మీ మాస్టారు?"

"గట్టీ మెత్తా కాదండి. లేటయితే ఇక రావక్కర్లేదంటారండి. నా కుర్చీ కోసం ఇద్దరు కాచుక్కూర్చున్నారండి."

నేను తువ్వాలు మడత పెడుతుండగా బయట మైకు మోగింది. ఎవరో పెద్దమనిషి కార్లు మా వీధిలోంచి పోవాలట. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు దావీదు బండి ముందు అటెన్షన్‌లో నిలబడి అంటున్నాడు: "గళ్ల కర్చీఫుగారికి విజ్ఞప్తి. దయచేసి మీ వాహనమును తొలగించవలెను. ఇది మొదటి విజ్ఞప్తి."

కర్చీఫు కదల్లేదు. రెండో విజ్ఞప్తికీ కదల్లేదు, మూడోదానికీ కదల్లేదు. దావీదు బయటికి దూకాడు.

"అయ్యా, బండి నాదండి, తీసేస్తానండి."

ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీరెవరు?"

"నా బండండి అది."

"సంఘటన జరిగినప్పుడు బండి మీద మీరు లేరు. ఉన్నది ఆయన" అని కర్చీఫు వైపు చూపించాడు. "విధి నిర్వహణలో ఉన్న అధికారి మాట పెడచెవిన పెట్టాడు. మీరు మధ్యలో రావద్దు."

కర్చీఫుని జీపులో ముందు సీట్లో కూర్చోబెట్టారు. హెల్మెట్ తీయలేదు, ఆ మర్యాద పాటించారు. బండిని, దానికి కట్టిన క్లారినెట్ పెట్టెని లారీ ఎక్కించారు. దావీదు తెల్ల తువ్వాలు పట్టుకుని వీధిలో నిలబడిపోయాడు. ఇలాంటి కర్చీఫు మీదే నేను నెల రోజులుగా బతుకుతున్నాను. కొట్టు మూసి వాడితో బయల్దేరాను.

నగరపాలక సంస్థ ఆఫీసు గుమ్మంలో అటెండరు మమ్మల్ని ఆపాడు.

"వైకుంఠమూర్తిగారున్నారా?" అన్నాను.

"సీట్లోనే ఉన్నారు, వెళ్లండి."

లోపల కుర్చీలో ఎవరూ లేరు. కుర్చీ మీద తెల్ల కర్చీఫు ఉంది. పక్క కుర్చీల్లోనూ, వాటి పక్క కుర్చీల్లోనూ కర్చీఫులే. కొన్నింటికి ముందు టీ గ్లాసులు కూడా ఉన్నాయి. నేను వెనక్కి వచ్చి అటెండరుని అడిగాను.

"ఏమయ్యా, ఎవరూ లేరే?"

"కనపట్టంలేదా అండీ? ఉత్తర్వు వచ్చాక ఉద్యోగుల సంఘం అడిగింది. వీధిలో కర్చీఫు మనిషయితే ఆఫీసులో ఎందుకు కాదూ అని. న్యాయమైన కోరికే కదండీ." అతను గోడ వైపు చూపించాడు. అక్కడ ఇదివరకు వేలిముద్రల మిషన్ ఉండేది. ఇప్పుడు ఇస్త్రీపెట్టె ఉంది.

ఏం చేస్తాం, మళ్లీ లోపలికి వెళ్లి కర్చీఫుకి నమస్కారం పెట్టి, కష్టమంతా చెప్పుకున్నాం. పెళ్లి సాయంత్రమేనని, క్లారినెట్ పెట్టె ఒక్కటి ఇప్పించినా చాలని దావీదు రెండు చేతులూ జోడించి చెప్పాడు. ఫ్యాను గాలికి కర్చీఫు అంచు కొద్దిగా లేచింది.

"ఆలోచిస్తున్నారు" అన్నాడు అటెండరు గొంతు తగ్గించి.

మేము నీరసంగా బయటికొచ్చేసరికి వరండాలో సాక్షాత్తూ వైకుంఠమూర్తిగారే కనపడ్డారు, చంకలో మామిడిపళ్ల సంచితో. నేను పరిగెత్తి ఎదురెళ్లాను.

"అయ్యా, మీరొక్క మాట చెబితే..."

ఆయన అటూ ఇటూ చూశారు. "మీరు పొరబడుచున్నారు. నేను ప్రస్తుతము విధులలో ఉన్నాను. లోపల. ఇచ్చట నాకు ఎట్టి అధికారమును లేదు."

"లోపల మీరు మాట్లాట్టంలేదు కదండీ" అన్నాడు దావీదు.

"విజ్ఞప్తి పరిశీలనలో ఉన్నప్పుడు నేను మాట్లాడను" అని ఆయన మామిడిపళ్లు సర్దుకున్నారు. "ఏమైనను, నేను లోపల ఉండగా బయట నన్ను పట్టుకుని పని చేయించుకొనుట సిఫార్సు క్రిందికి వచ్చును." అంత నిజాయితీ గల మనిషిని ఏమనగలం? దారి ఇచ్చాం.

స్టేషన్లో మాత్రం కొంచెం మనిషి గొంతు వినపడింది. కర్చీఫుకి బెయిలిస్తామన్నారు. అయితే జామీనుదారులు నిందితుడి స్థాయికి తగినవాళ్లయి ఉండాలన్నారు. నేను పరిగెత్తుకుంటూ కొట్టుకొచ్చి, పాత కేసులేవీ లేని రెండు కొత్త కర్చీఫులు, స్టిక్కర్ కూడా ఊడనివి, తీసుకుపోయి బల్ల మీద పెట్టాను. ఇన్‌స్పెక్టరు వాటిని వెలుతురుకి పట్టి చూసి సరే అన్నాడు. గళ్ల కర్చీఫుని విడిచిపెట్టారు. బండి, క్లారినెట్ పెట్టె ఎవరి దగ్గర పట్టుకున్నారో వాళ్లకే అప్పగించాలి కాబట్టి, బండి సీటు మీద కర్చీఫుని పరిచి, తాళం దాని మీద పెట్టారు.

దావీదు ఆత్రంగా సీటెక్కబోయాడు.

"ఆగవయ్యా, మనిషి మీద కూర్చుంటావా?" అని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

"మరెలా వెళ్లేదండి?"

"వెనక్కూర్చో. ఆయన్ని అడిగి ఎక్కు."

అలాగే వెనక్కూర్చుని, ముందున్న కర్చీఫు మీదుగా చేతులు చాపి, నడుము వంచి హ్యాండిల్ పట్టుకుని బండి పోనిచ్చాడు దావీదు. జామీనుదారులు నిందితుడి వెంట ఉండాలన్నారు కాబట్టి నేను వాళ్లిద్దర్నీ జేబులో పెట్టుకుని ఆటోలో వెనకే వెళ్లాను.

మేము వెళ్లేసరికి ఎదురుకోలు అయిపోయింది. కల్యాణ మండపంలో బ్యాండువాళ్లు వరసగా కూర్చుని ఉన్నారు. క్లారినెట్ వినపడుతోంది. దావీదు క్లారినెట్ ఇంకా పెట్టెలోనే ఉంది. వాడి కుర్చీ మీద తెల్ల కర్చీఫు ఉంది, దాని పక్కన చిన్న స్పీకరు ఉంది. మార్కు మాస్టారు డోలు ఆపకుండానే మాట్లాడాడు.

"టైముకి రాలా నువ్వు."

"బండి పట్టుకున్నారండి మాస్టారూ. పెట్టె అందులో..."

"పెళ్లివారు లెక్క చూసుకున్నారు. కుర్చీలన్నీ నిండినయ్యి. అదొచ్చింది, నువ్వు రాలా. తప్పు స్వరం ఒక్కటి కూడా పోలా ఇప్పటిదాకా."

దావీదు కుర్చీ దగ్గరికి నడిచాడు. ముందు వరసలో కూర్చున్న పెళ్లికూతురి మేనమామ చెయ్యెత్తి ఆపాడు. "ఏమయ్యోయ్, అక్కడ మనిషున్నారు, కనపట్టంలేదా?"

దావీదు ఆయన్ని చూశాడు. మాస్టారిని చూశాడు. కాసేపు నన్ను కూడా చూశాడు, నేనేమన్నా అంటానేమోనని. నేను జేబులో జామీనుదారుల్ని సర్దుకున్నాను.

అప్పుడు వాడు మా ఊళ్లో బస్సులోగాని, వీధిలోగాని, ఆఫీసులోగాని అంతవరకూ ఎవడూ చేయని పని చేశాడు. కుర్చీ మీది కర్చీఫు తీశాడు. దాంతో మొహం తుడుచుకున్నాడు. మెడ వెనక కూడా తుడుచుకున్నాడు. తుడిచి, ఉండ చుట్టి జేబులో పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, పెట్టె విప్పి క్లారినెట్ బిగించాడు. స్పీకరు ఆపేశాడు. ఊదాడు.

ఎంత బాగా ఊదాడో నేను చెప్పలేను. నెలల తరబడి లోపల పట్టేసిన ఊపిరంతా ఆ గొట్టంలోంచి బయటికొచ్చింది. రెండుచోట్ల స్వరం తప్పింది కూడా. వంటవాళ్లు గరిటెలతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. పెళ్లికూతురు తలెత్తి చూసింది. నాకు ఏడుపొచ్చింది, జేబులో రెండు కర్చీఫులున్నా తీయటానికి ధైర్యం చాలక చొక్కా చేతికే తుడుచుకున్నాను.

మేనమామ మాత్రం అప్పటికే ఫోను తీశాడు. మనిషిని కుర్చీలోంచి లాగి, ఒంటికి రాసుకుని, జేబులో కుక్కాడని ఫిర్యాదు ఇచ్చాడు. దావీదు పాట పూర్తి చేసేదాకా ఆగి పోలీసులు తీసుకెళ్లారు. అపహరణ, అవమానం, దేహానికి హాని అని కేసు రాశారు. మార్కు మాస్టారు ఆ తర్వాతి పెళ్లికి కర్చీఫునే పిలిచాడు. దానికి భోజనం పెట్టక్కర్లేదు, లేటు కాదు.

కేసు ఇంకా నడుస్తోంది. నేను ప్రత్యక్ష సాక్షిని. జరిగింది జరిగినట్టు చెబితే వాడు కేసులోంచి బయటపడతాడని వాడి తరఫున వాదిస్తున్న నీలకంఠంగారు అన్నారు, చెప్పాలనే నాకూ ఉంది. కాకపోతే కొట్టు వదిలి పోవటానికి కుదరటం లేదు, సీజను. అందుకని ప్రతి వాయిదాకీ నా కర్చీఫుని క్రమం తప్పకుండా పంపిస్తున్నాను. సాక్షి హాజరు అని రాసుకుంటున్నారు.

బెయిలు మీదున్న దావీదు మాత్రం ఎంత చెప్పినా వినడు, ప్రతిసారీ తనే వెళ్తాడు. మొన్న వాయిదాలో వాడి పేరు మూడుసార్లు పిలిచి, ఎవరూ హాజరు కాలేదని వారెంటు ఇచ్చారు. మూడుసార్లూ వాడు పలికాడని అక్కడున్నవాళ్లు చెప్పారు.